హనుమక్క చూసిన ఇద్దరు

“హనుమక్క తాగుతుందని రుజువు చేస్తే చాలు మేడమ్. కేసు అక్కడే కూలిపోతుంది,” అన్నాడు లాయరు అరుణ్ కుమార్, కారు పుంగనూరు దాటి మట్టిరోడ్డులోకి తిరగగానే.

డిటెక్టివ్ ఉషారాణి ఒళ్లో ఉన్న పోస్టుమార్టం రిపోర్టు నకలు మళ్లీ మొదటి నుంచి చదువుతోంది. పోలీసు ఉద్యోగం వదిలేసి మదనపల్లెలో సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్నాక ఆమెకు అబ్బిన అలవాటు అది. మనుషుల్ని కలవక ముందే శవాన్ని పూర్తిగా తెలుసుకోవాలి.

చనిపోయినవాడు గంగులయ్య. ఎర్రగుట్లపల్లెలో గొర్రెలూ, నాలుగెకరాల వేరుశనగ చేనూ ఉన్న ముసలి రైతు. రెండు వారాల కిందట, పొద్దుగూకే వేళ, తన మోటరు షెడ్డు దగ్గరే ఎవరో ఇనుప రాడ్డుతో తల పగలగొట్టారు. చూసింది ఒక్కరే, పక్కచేని హనుమక్క. ‘ఇద్దరు మగోళ్లు కొట్టినారు’ అని ఆమె చెప్పింది. బోరు నీళ్ల దగ్గర గంగులయ్యతో గొడవపడిన అన్నదమ్ములు భరత్, యశ్వంత్ ఆ ఊళ్లోనే ఉన్నారు. సి.ఐ. మురళీధర్‌కు అంతకంటే ఏం కావాలి? ఇద్దర్నీ లోపల వేశాడు. వాళ్ల తరఫు లాయరుగా అరుణ్ కుమార్ ఉషారాణి సాయం కోరాడు. ఆ సాయంత్రం కుప్పంలో ఉన్నానని భరత్ మొత్తుకున్నా ఎవరూ వినలేదు.

“ఊరంతా చెబుతోంది మేడమ్,” అన్నాడు అరుణ్ కుమార్. “సాయంత్రమైతే ఆమెకు కళ్లు మూతలు పడతాయట. మాట ముద్దముద్దగా వస్తుందట. కళ్లు పసుపుపచ్చగా ఉంటాయి. తాగితాగి లివరు పోయిందని అందరికీ తెలుసు.”

“సరే. చూద్దాం,” అంది ఉషారాణి.

పొద్దున పూట. హనుమక్క ఇంటి ముందు గొర్రెలకు మేత వేస్తోంది. నలభై దాటని మనిషి. బక్కపలచని ఒళ్లు. కళ్లలో తెల్లగుడ్డు నిజంగానే పచ్చగా ఉంది. కానీ చూపు సూటిగా ఉంది. మాట స్పష్టంగా ఉంది. మొగుడు వెంకటరమణప్ప తడికకు ఆనుకుని నిలబడ్డాడు, ఎవరైనా తన భార్యను ఏమైనా అంటారేమోనన్నట్టు.

“ఆరోజు ఏం చూశావో చెప్పు అక్కా,” అంది ఉషారాణి.

“పోలీసోళ్లకు చెప్పినా కదమ్మా. పొద్దు గూకతాండాది. గొర్రెల్ని తోలుకొస్తాండా. గంగులయ్య మామ షెడ్డు కాడ అరుపు ఇనపడింది. తిరిగి సూసినా. ఆడ ఇద్దురు ఉండారు.”

“మొహాలు?”

“కనపళ్లే. అటుపక్కకు తిరిగుండారు. ఈపులు కనపడినాయి. నీలం చొక్కాలు.”

“ఇద్దరివీ నీలమేనా?”

“ఇద్దురివీ.”

“పొడుగు?”

“ఇద్దురూ ఒకే పొడుగు.”

“ముందు కొట్టింది ఎవరు?”

హనుమక్క చేతిలో మేత అలాగే ఆగిపోయింది. ఈ ప్రశ్న ఆమెను ఇంతవరకు ఎవరూ అడిగినట్టు లేదు. “ముందూ యెనకా లేదమ్మా. ఇద్దురూ ఒకేతూరి రాడ్డు ఎత్తినారు. ఒకేతూరి దించినారు.”

“ఏ చేత్తో?”

ఆమె కళ్లు మూసుకుంది. ఆనాటి దృశ్యాన్ని మళ్లీ చూస్తున్నట్టుగా నెమ్మదిగా చెయ్యి పైకి లేపింది. ఎడమ చెయ్యి.

“ఇద్దరూ ఆ చేత్తోనేనా?”

“ఇద్దురూ ఈ చేత్తోనే. దేవుని మీద ఒట్టు.”

ఉషారాణి, అరుణ్ కుమార్ మొహమొహాలు చూసుకున్నారు. జైల్లో ఉన్న అన్నదమ్ములిద్దరూ కుడిచేతి వాటం వాళ్లే.

అప్పుడే స్కూటరు వచ్చి ఆగింది. దిగినతను ముప్పైఅయిదేళ్లవాడు. నీటుగా ఇస్త్రీ చేసిన చొక్కా, భుజానికి మందుల సంచి. పల్లెలో చిన్న చిన్న రోగాలకు సూదులు వేసే ఆర్.ఎం.పి. కిషోర్. వారానికోసారి హనుమక్కకు బలం సూది వేసిపోతాడట. వాళ్లు వచ్చిన పని తెలుసుకుని, ఉషారాణిని పక్కకు పిలిచాడు.

“మేడమ్, ఊళ్లో వాళ్ల మాట నమ్మొద్దండి. ఈయమ్మ చుక్క కూడా ముట్టదు. ఉండేది కామెర్లు. మనిషికి నీరసం, అంతే. చూపు మాత్రం బాగుండాది. సి.ఐ. సారుకు కూడా నేనే చెప్పినా, ఆయమ్మ సూసిందంటే సూసినట్టేనని.”

మెత్తటి గొంతు. ఊరంతా తాగుబోతు అంటున్న ఆడమనిషి తరఫున నిలబడిన ఒకే ఒక్కడు. ఉషారాణికి అతని మీద గౌరవం కలిగింది. ఫోను నంబరు తీసుకుంది.

*

గంగులయ్య మోటరు షెడ్డు ఊరికి కాస్త ఎడంగా ఉంది. రేకుల కప్పు, మూడు వైపులా రాతిగోడ. ముందు సిమెంటు నీళ్లతొట్టి. గంగులయ్య పడి ఉన్నది ఆ తొట్టికీ, షెడ్డు గోడకూ మధ్య సందులో. మట్టి ఇంకా అక్కడక్కడ నల్లగా పేరుకుని ఉంది.

ఉషారాణి ఆ సందులోకి దిగింది. ఒక భుజం గోడకు తగిలింది. రెండోది తొట్టి అంచుకు తగిలింది.

“లాయరు గారూ, వచ్చి నా పక్కన నిలబడండి.”

“యాడ నిలబడాలి మేడమ్? చోటేదీ?” అన్నాడు అతను.

“అదే నేనూ అడుగుతున్నా. ఇక్కడ ఇద్దరు పక్కపక్కన నిలబడి రాడ్డు ఎలా ఎత్తారు?” ఆమె రిపోర్టు తెరిచింది. “ఇంకొకటి వినండి. తలకు కుడివైపున దెబ్బ. ఒక్కటే దెబ్బ. ఇద్దరు ఒకేసారి రెండు రాడ్లు దించితే గాయం ఒక్కటి ఎట్లా అవుతుంది?”

“అయితే హనుమక్క అబద్ధం చెబుతోంది.”

“అబద్ధం చెప్పేవాళ్లు ఇంత అసాధ్యమైనది చెప్పరు. నమ్మేటట్టు చెబుతారు.”

సాయంత్రం దాకా ఆగి, హనుమక్కను ఆరోజు ఆమె నిలబడిన చోటికే రమ్మన్నారు. వెంకటరమణప్ప వెంట వచ్చాడు. అప్పటికి ఆమె వేరే మనిషిలా ఉంది. కనురెప్పలు సగానికి వాలిపోయాయి. రెప్పల కింది నుంచి చూడటానికి తల వెనక్కి వంచుతోంది. జారిపోతున్న గడ్డాన్ని అరచేత్తో పట్టుకుంది. మాట ముక్కులోంచి వస్తోంది.

అరుణ్ కుమార్ ఏదో చెప్పే నెపంతో దగ్గరికి వంగి వాసన చూశాడు. ఉషారాణి వైపు తిరిగి అడ్డంగా తల ఊపాడు. సారా వాసన లేదు.

హనుమక్కకు అది అర్థమైంది. “మా ఆయన కూడా ఒగ దినం ఇట్లే వాసన సూసినాడమ్మా,” అంది. వెంకటరమణప్ప తల దించుకున్నాడు.

ఉషారాణికి సిగ్గేసింది. తాను పొద్దున కారెక్కింది కూడా ఆ పనికే. ఏదో అనబోతుండగా, షెడ్డు వెనక రోడ్డు మీద జీపు ఆగిన చప్పుడైంది. హనుమక్క తల వెనక్కి వంచి అటు చూసింది.

“ఇద్దురు పోలీసోళ్లు వస్తాండారు,” అంది.

ఉషారాణి తిరిగి చూసింది. నీళ్లతొట్టి పక్క నుంచి వస్తున్నది మురళీధర్. అతని వెనక ఎవరూ లేరు. పక్కన ఎవరూ లేరు.

ఆమె హనుమక్క వైపు తిరిగింది. “అక్కా, మళ్లీ చూడు. ఎంతమంది?”

“ఇద్దురు. ఒకాయప్ప రొంత పైకి ఉండాడు.”

“కుడికన్ను చేత్తో మూసుకో. ఇప్పుడు చూడు.”

హనుమక్క మూసుకుంది. ఎడమకంటితో అటు చూసింది. తర్వాత భయంగా అడిగింది. “అమ్మా... ఇంగొకాయప్ప యాడికి పొయినాడు?”

మురళీధర్ దగ్గరికొచ్చాడు. ఒకప్పుడు ఉషారాణితో కలిసి ట్రైనింగు చేసినవాడు. ఇప్పుడు ఆమె పేరెత్తితే పళ్లు కొరికేవాడు. “నా సాక్షితో ఏం నాటకం ఆడిస్తున్నావు ఉషా?”

“నువ్వు ఒక్కడివే వచ్చావు మురళీ. నీ సాక్షికి ఇద్దరుగా కనిపించావు.”

“తాగి ఉందా?”

“వాసన చూసుకో. మేం చూశాం. సిగ్గులేకుండా.”

అతను హనుమక్క మొహంలోకి చూశాడు. వాలిపోయిన రెప్పలు, పట్టుకున్న గడ్డం. ఒక్క క్షణం తడబడ్డాడు. వెంటనే సర్దుకున్నాడు. “కొట్టింది ఇద్దరని ఈమె సంతకం పెట్టింది. ఈమె చూపు బాగుందని ఊరి డాక్టరు చెప్పాడు. భరత్‌ను తప్పించడానికి నువ్వు ఈమెకు కొత్త మాట నేర్పుతున్నావు.”

“ఎడమచేత్తో ఒకేసారి ఎత్తి ఒకేసారి దించిన ఇద్దర్ని నువ్వు ఎప్పుడైనా చూశావా? ఆ సందులో నువ్వూ నేనూ పక్కపక్కన నిలబడగలమా? దెబ్బ ఒక్కటే ఎందుకుంది? ఏ చేత్తో కొట్టారని ఆమెను అడిగావా అసలు?”

మురళీధర్ మొహం ఎర్రబడింది. అడగలేదని ఆ ఎరుపే చెప్పింది.

“యూనిఫాం పోయినా నీకు పొగరు పోలేదు. సరే విను. రేపు డాక్టరు ఎవరైనా ఈమెకు ఇది జబ్బని రాసిస్తే చూస్తాను. లేదంటే సాక్షిని చెడగొట్టినందుకు నీ మీదా, ఈ లాయరు మీదా కేసు పెడతాను. నా మాట సంగతి నీకు తెలుసు.”

జీపు వెళ్లిపోయింది. హనుమక్క గట్టు మీద కూలబడింది. “నాకు మాపటేల అప్పుడప్పుడు గొర్రెలు రెండింతలు కనపడతాయమ్మా. తల తిప్పుడనుకుంటి. కిషోరు డాక్టరుకు కూడా చెప్పినా. బలం లేక అన్నాడు. ఆపొద్దు గాబరాలో నాకు ఆ మాట తోచలేదు.” ఉషారాణి చెయ్యి పట్టుకుంది. “ఆ పిల్లోళ్లు నా మాటతో జైల్లో ఉండారు కదా? నేను అబద్ధం చెప్పలేదమ్మా.”

“లేదక్కా. నువ్వు కనిపించిందే చెప్పావు,” అంది ఉషారాణి.

*

మదనపల్లెలో డాక్టర్ శాంతకుమారి పెద్దగా మాట్లాడే మనిషి కాదు. హనుమక్కను కూర్చోబెట్టి, పైనున్న ఫ్యాను వంక రెప్ప వాల్చకుండా చూడమంది. కాసేపటికే రెండు రెప్పలూ బరువు మోయలేనట్టు కిందికి జారాయి. డాక్టరు రబ్బరు గ్లవ్వులో ఐసుముక్కలు వేసి ముడివేసి, ఎడమ రెప్ప మీద పెట్టింది. తీసేసరికి ఆ రెప్ప పైకి లేచి ఉంది. కుడిది మాత్రం అలాగే వాలి ఉంది.

వెంకటరమణప్ప నోరు తెరుచుకుని చూశాడు.

“మయస్తీనియా,” అంది డాక్టరు. “మనం కదలాలంటే నరం కండరానికి కబురు పంపాలి. ఆ కబురు అందుకునే చోటును ఈమె శరీరమే పాడుచేసుకుంటోంది. రోగాలతో పోరాడాల్సిన శక్తి సొంత ఒంటి మీదే తిరగబడింది. పని చేసేకొద్దీ కండరం సొమ్మసిల్లుతుంది. అందుకే పొద్దున బాగుంటుంది, సాయంత్రానికి వాలిపోతుంది. రెండు కళ్లూ ఒకే వైపు నిలవవు కాబట్టి ఒకటి రెండుగా కనిపిస్తుంది.”

“మరి కామెర్లు?” అడిగింది ఉషారాణి.

“అవి మామూలు కామెర్లు కావు. రక్తం చూశాను. హెపటైటిస్ వైరస్ లేదు. తాగుడు గుర్తులు లేవు. ఆ తిరగబడిన శక్తే లివరును కూడా తినేస్తోందని నా అనుమానం. రెండూ ఒకే మనిషికి రావడం చాలా అరుదు, కానీ వస్తుంది. ఖాయంగా చెప్పే పరీక్షలకు రక్తం బెంగళూరు పంపుతున్నా. ఇన్నాళ్లూ ఏం వైద్యం చేయించారు?”

“ఆకుపసరు పోయించినామమ్మా. కిషోరు సూదులేసినాడు,” అన్నాడు వెంకటరమణప్ప.

“తాగుబోతని అన్నారు,” అంది హనుమక్క. ఆమెకు ఏడుపొచ్చింది. కానీ ఆ మొహం ఏడుపును కూడా సరిగా మోయలేకపోయింది. పెదవులు అడ్డంగా సాగి నవ్వులా కనిపించాయి. “ఇది జబ్బేనామ్మా? నిజంగా జబ్బేనా?”

“జబ్బే. మందుంది. రెంటికీ పనిచేసే మందే ఉంది. కానీ నెమ్మదిగా మొదలుపెట్టాలి.”

ఆసుపత్రిలో ఉండమంటే వెంకటరమణప్ప ఒప్పుకోలేదు. గొర్రెల్ని చూసేవాళ్లు లేరు. బెంగళూరు నుంచి ఫలితాలు వచ్చిన రోజు తీసుకొస్తానన్నాడు. డాక్టరు కాస్త ఆలోచించి మాత్రలు ఇచ్చింది. వాళ్లు బయటికి వెళ్లాక ఉషారాణిని ఆపింది.

“ఒక మాట. ఈ జబ్బున్నవాళ్లకు కొన్ని మందులు విషంతో సమానం. జ్వరానికి వేసే జెంటామైసిన్, నరానికి ఎక్కించే మెగ్నీషియం. మామూలు మనిషికి ఏమీ కాదు. ఈమెకు వేస్తే ఊపిరి కండరాలు ఆగిపోవచ్చు. స్పృహ ఉంటుంది, అన్నీ వినిపిస్తాయి, ఊపిరి మాత్రం తీసుకోలేదు. చూసేవాళ్లు నిద్రపోతోందనుకుంటారు. ఆ ఊళ్లో సూదులు వేసేవాడెవడో వాడికి మీరే గట్టిగా చెప్పండి. వాళ్లాయనకు ఈ పేర్లు గుర్తుండవు.”

ఉషారాణి వరండాలో నిలబడే కిషోర్‌కు ఫోను చేసింది. జబ్బు సంగతంతా చెప్పింది. ఆ రెండు మందుల పేర్లూ చెప్పింది. వేస్తే ఏమవుతుందో కూడా చెప్పింది.

“అయ్యో పాపం. నాకు తట్టనేలేదు మేడమ్,” అన్నాడు అతను. “ఆ రెండో మందు ఏమన్నారు? ఇంకోసారి చెప్పండి.”

ఆమె మళ్లీ చెప్పింది.

“మంచిపని చేసినారు మేడమ్. ఇంక ఆమెను నేను చూసుకుంటా.”

డాక్టరు రాసిచ్చిన కాగితాన్ని ఉషారాణి మురళీధర్‌కు పంపింది. జవాబు రాలేదు.

*

మరుసటి రోజు మధ్యాహ్నం కుప్పంలో భరత్ మాట నిజమని తేలింది. ఒక టైర్ల దుకాణం కెమెరాలో, హత్య జరిగిన వేళకే, అతను ట్రాక్టరు టైరుకు పంచరు వేయించుకుంటూ కనిపించాడు. అరుణ్ కుమార్ పొంగిపోయాడు. ఉషారాణికి అది సగం పనే. కొట్టింది ఒక్కడే. ఎడమచేతి వాటం వాడు. వాడెవడు?

గంగులయ్య కూతురు హేమావతిని కుప్పంలోనే ఇచ్చారు. ఆమె ఇల్లు వెతుక్కుంటూ వెళ్లారు. హేమావతి మొదట తలుపు పూర్తిగా తెరవలేదు. తన తండ్రిని చంపినవాళ్ల తరఫు మనుషులని ఆమెకు కోపం. ఉషారాణి గడపలోనే నిలబడి, భరత్ కెమెరాలో కనిపించిన సంగతి చెప్పింది. అప్పుడు లోపలికి రానిచ్చింది.

“మీ నాయనకు ఊళ్లో ఇంకెవరితోనైనా పడదా అమ్మా?”

“బోరు తగాదా తప్ప ఏం లేదు. మా అమ్మ పొయినప్పటి నుంచి నాయన ఎవురితోనూ మాట్లాడతాండలేదు.” హేమావతి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. “ఆ సోమవారం చిత్తూరుకు పొయ్యి కలెక్టరాఫీసులో అర్జీ ఇస్తాననినాడు. అంతకుముందే ఇట్లయింది.”

“అర్జీ దేనికి?”

“మా అమ్మను చంపినాడని.”

“అమ్మకు ఉత్త జ్వరమే మేడమ్. నేనూ ఆపొద్దు ఊళ్లోనే ఉండా. సూది ఏసినాడు. ఏసిన కాసేపటికే ఒళ్లంతా వణికి, నోట్లో నురగొచ్చి పాణం పొయింది. గుండెపోటన్నాడు. ఊరంతా నమ్మింది. నాయన మాత్రం ఆ ఖాళీ మందుబుడ్డి ఎత్తిపెట్టుకున్నాడు. చిత్తూరులో సూపిస్తాననినాడు. ఆ మాట వాడి మొగం మీదే అనినాడంట.”

“ఎవరి మొహం మీద?”

“ఆర్.ఎం.పి. కిషోరు.”

ఉషారాణి ముందుకు వంగింది. “హేమా, బాగా గుర్తు తెచ్చుకో. మీ అమ్మకు సూది ఏ చేత్తో వేశాడు?”

“ఎడం చేత్తోనే. వాడికి ఆ వాటమే కదా. ఎడంచేత్తో ఏస్తే అచ్చిరాదని అమ్మ ఆపొద్దు వద్దనింది. మేమే నవ్వినాం. చాదస్తమని నవ్వినాం మేడమ్.” ఆమె భోరుమంది.

ఉషారాణి అప్పటికే లేచి నిలబడింది. హనుమక్కకు ఒకటి రెండుగా కనిపిస్తుందని కిషోర్‌కు ముందే తెలుసు. ఆమే చెప్పింది. తెలిసి కూడా ఆమె చూపు బాగుందని పోలీసులకు చెప్పాడు. ఇద్దరు అన్నంతకాలం తన మీద ఎవరి కన్నూ పడదు. నిన్న ఆ ఇద్దరు ఒక్కడయ్యారు. ఆ కబురు వాడికి చేరవేసింది ఎవరు? ఏ మందుతో హనుమక్క నోరు మూయించవచ్చో పేరుతో సహా, రెండుసార్లు చెప్పింది ఎవరు?

తనే.

వెంటనే వెంకటరమణప్పకు ఫోను చేసింది.

“చెప్పమ్మా,” అన్నాడు అతను తీరుబడిగా.

“హనుమక్క ఎట్లా ఉంది?”

“పొద్దన్నుంచి రొంత జ్వరం. భయం లేదులేమ్మా, మన కిషోరు వచ్చి సెలైను పెట్టి, అందులో మందేసి పొయినాడు. నిద్ర పడతాది, లేపొద్దనినాడు. బుడ్డి అయిపొయ్యే యాళకు ఆయనే వచ్చి తీస్తాడంట.”

“వెంకటరమణప్పా, లోపలికి పరుగెత్తు. ఆ సూది పీకెయ్. ఇప్పుడే!”

“యాలమ్మా? డాక్టరు ముట్టొద్దనినాడే.”

“వాడు డాక్టరు కాదు. గంగులయ్యను చంపింది వాడే. పీకెయ్యప్పా!”

అడుగుల చప్పుడు. ఏదో కింద పడింది. తర్వాత ఆ మనిషి గొంతు మారిపోయింది. “పీకినా. అమ్మా, ఇది పలకడం లే. కండ్లు తెరవడం లే. చెయ్యి పట్టుకుంటే మాత్రం ఏలు కదిలిస్తాండాది. పెదాలు నల్లబడతాండాయి.”

“ఆమెకు నీ మాటలన్నీ వినిపిస్తున్నాయి. ఊపిరి తీసుకోలేకపోతోంది, అంతే. నువ్వు ఇవ్వాలి. ఫోను స్పీకరులో పెట్టి పక్కన ఉంచు. తల వెనక్కి వంచు. ముక్కు మూసి పట్టుకో. నోట్లో నోరు పెట్టి ఊదు. రొమ్ము లేస్తోందా?”

“లేస్తాండాది.”

“ఆపొద్దు. ఎవరు వచ్చినా, ఏమన్నా ఆపొద్దు.”

కారు బయల్దేరింది. ఎంత తొక్కినా ఎర్రగుట్లపల్లెకు గంటన్నర పైనే. ఉషారాణి తన ఫోను పెట్టెయ్యకుండానే అరుణ్ కుమార్ ఫోను లాక్కుని, తన మీద కేసు పెడతానన్న మనిషికి చేసింది.

“ఆ కాగితం చూశాను,” అన్నాడు మురళీధర్ ముభావంగా. “కోర్టులో మాట్లాడుకుందాం.”

“మురళీ, కిషోర్ ఎడమచేతి వాటం. గంగులయ్య భార్య వాడి సూదితోనే పోయింది. వాడి మీద అర్జీకి గంగులయ్య సిద్ధమయ్యాడు. ఇప్పుడు నీ సాక్షికి విషం ఎక్కించాడు. ఊపిరి ఆగిపోయింది. మొగుడు నోటితో ఊపిరి ఊదుతున్నాడు. నేను కుప్పంలో ఉన్నాను. నువ్వు యాడున్నావు?”

వాదిస్తాడనుకుంది. జీపు స్టార్టయిన చప్పుడు వినిపించింది.

“పుంగనూరులోనే ఉన్నా, బయల్దేరా. నూట ఎనిమిదికి చెబుతాను. నువ్వు ఆమె మొగుడితో ఊదిస్తూ ఉండు,” అన్నాడు.

ఆ దారంతా ఆమె చెవికి ఒక్కటే చప్పుడు. వెంకటరమణప్ప ఊపిరి పీల్చడం, వదలడం. మధ్యలో ఒకసారి “ఏలు కదిలిస్తాండాది” అని ఏడ్చాడు. ఉషారాణి అతని పేరు పిలుస్తూనే ఉంది. అరుణ్ కుమార్ రోడ్డు మీద నుంచి చూపు తిప్పలేదు.

చాలాసేపటికి బూట్ల చప్పుడు. మురళీధర్ గొంతు. “జరుగు అప్పా, నేను ఊదుతా. నువ్వు రొంత ఊపిరి తీసుకో.” మళ్లీ ఆ పీల్చడం, వదలడం, ఈసారి వేరే గొంతుతో. తర్వాత అతను ఫోను దగ్గరికి వచ్చాడు. ఆయాసంగా ఉన్నాడు. వెనక వెంకటరమణప్ప మళ్లీ ఊదడం అందుకున్నాడు.

“నాడి ఉంది ఉషా. బతికే ఉంది. అంబులెన్సు రోడ్డెక్కింది.”

ఆమె కళ్లు మూసుకుంది.

“ఆ సెలైను బుడ్డి జాగ్రత్త చెయ్యి,” అంది ఎలాగో. “అందులో మిగిలిందే మనకు సాక్ష్యం.”

“ఇక్కడ బుడ్డి లేదే.”

“దూలానికి కట్టి ఉంటుంది. చూడు.”

“దూలానికి తాడుంది. కోసేసి ఉంది. అప్పా, బుడ్డి నువ్వు తీశావా?”

ఊదడానికీ ఊదడానికీ మధ్య వెంకటరమణప్ప గొంతు దూరంగా వినిపించింది. “లే సార్. నేను సూది పీకినా, అంతే. బుడ్డి ఆడే యాలాడతాండె. ఊదేటప్పుడు నేను తల ఎత్తి సూళ్లే.”

ఉషారాణి సీటులో నిటారుగా కూర్చుంది. అతను భార్య మీద వంగి ఊదుతున్నంతసేపూ, ఆ గదిలో అతని వెనక ఇంకొకడు నిలబడి ఉన్నాడు. తాను స్పీకరులో అరిచిన ప్రతి మాటా విన్నాడు.

“మురళీ, వాడు వెళ్లలేదు. అక్కడే ఉన్నాడు. నీతో కానిస్టేబుళ్లు ఉన్నారా?”

మురళీధర్ జవాబు చెప్పేలోపు, ఫోనులో తలుపు రెక్కలు దగ్గరికి పడిన చప్పుడు వినిపించింది. వెంటనే, బయటి నుంచి గడియ పెట్టిన చప్పుడు.